రసాయనాల పేర్లు, ఫార్ములాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తొమ్మిదో తరగతిలో ఫార్ములాల పాఠం మొదలైన వారానికే పిల్లలు రెండు జట్లుగా విడిపోవడం ప్రతి ఏడాదీ చూస్తుంటాను. ఒక జట్టుకు అదొక లెక్క. రెండో జట్టుకు ఎక్కాల పుస్తకం: పేజీలకు పేజీలు వల్లె వేస్తారు, పరీక్ష అయిన మర్నాటికి అంతా పోతుంది. రెండో జట్టు పిల్లలకు తెలివి తక్కువై కాదు. మొదటి రోజే చెప్పాల్సిన మాట వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఫార్ములా అంటే విద్యుత్ ఆవేశాల జమాఖర్చు. ధనం ఎంతో రుణమూ అంతే, చెల్లుకు చెల్లు. పేరు ఆ ఖాతాకు పెట్టిన శీర్షిక. కింది జవాబులు చాలావరకు ఆ మాట చుట్టూనే తిరుగుతాయి.

చదివే ముందు ఒక మనవి. రసాయన గుర్తులు ఇంగ్లిష్ అక్షరాలే అయినా ఇక్కడ తరగతిలో పలికినట్టు తెలుగులో రాశాను. ధన భాగానికీ రుణ భాగానికీ మధ్య చిన్న గీత పెట్టాను, కంటికి విడివిడిగా కనిపించాలని. మీ నోట్సులో ఆ గీత ఉండదు. అంకెను గుర్తు పక్కన కాస్త కిందకి, చిన్నగా రాయాలి.

ఫార్ములా అసలు ఏం చెబుతుంది?

ఏ మూలకాల పరమాణువులు, ఎన్నెన్ని చొప్పున కలిశాయో చెబుతుంది. హెచ్2ఓ అంటే రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన ఒక నీటి అణువు. ఉప్పు సంగతి వేరు. ఎన్ఏ-సీఎల్ అని రాస్తాం కానీ, ఉప్పు పలుకులో ఒక సోడియం, ఒక క్లోరిన్ జంటగా విడిగా ఎక్కడా ఉండవు. ఒక్కో సోడియం అయాన్ (ఆవేశం మోసే పరమాణువును, లేదా పరమాణువుల గుంపును అయాన్ అంటాం) చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు, అలా పలుకు అంచు దాకా వరసలే. అక్కడ ఫార్ములా చెప్పేది నిష్పత్తి: ఒకటికి ఒకటి. అందుకే 'ఉప్పు అణువు' అనకూడదు, 'ఫార్ములా యూనిట్' అనాలి.

ఇన్ని ఫార్ములాలు ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఫార్ములాలను గుర్తుపెట్టుకోవద్దు. అయాన్లను గుర్తుపెట్టుకోండి. పాతిక అయాన్లు వస్తే వాటినుంచి వందల ఫార్ములాలు మీరే కట్టుకోవచ్చు.

ధన అయాన్లలో సోడియం, పొటాషియం, వెండి, అమ్మోనియం: 1+. మెగ్నీషియం, కాల్షియం, బేరియం, జింక్: 2+. అల్యూమినియం 3+. ఇనుము, రాగి, సీసం, తగరం మాత్రం ఒకటి కన్నా ఎక్కువ ఆవేశాలు చూపిస్తాయి, వాటి కథ కింద ఉంది. రుణ అయాన్లలో క్లోరైడ్, బ్రోమైడ్, అయోడైడ్, హైడ్రాక్సైడ్, నైట్రేట్, బైకార్బనేట్, పర్మాంగనేట్: 1−. ఆక్సైడ్, సల్ఫైడ్, సల్ఫేట్, కార్బనేట్, డైక్రోమేట్: 2−. నైట్రైడ్, ఫాస్ఫేట్: 3−.

మా పిల్లల చేత పాత పెళ్లి శుభలేఖలను ముక్కలుగా కత్తిరించి కార్డులు చేయిస్తాను. 1+ కార్డు ఒక అంగుళం పొడవు, 2+ రెండు అంగుళాలు, 3+ మూడు. రుణ అయాన్లకూ అదే కొలత. పై వరసలో ధన కార్డులు, కింది వరసలో రుణ కార్డులు పేర్చి, రెండు వరసల పొడవూ సరిపోయేదాకా కార్డులు కలుపుతూ పోవాలి. అల్యూమినియం మూడంగుళాలు, సల్ఫేట్ రెండంగుళాలు. పైన రెండు అల్యూమినియం కార్డులు, కింద మూడు సల్ఫేట్ కార్డులు పెట్టగానే రెండు వరసలూ ఆరంగుళాల దగ్గర కలుస్తాయి. ఏఎల్2-(ఎస్ఓ4)3 అలా బల్ల మీదే బయటపడుతుంది. ఒకసారి చేతులతో పేర్చిన పిల్లవాడు దాన్ని మళ్లీ తప్పు రాయడం నేను చూడలేదు.

ఆవేశాల అంకెలను అడ్డంగా మార్చి రాసే పద్ధతి తప్పా?

తప్పు కాదు, అడ్డదారి. ఎందుకు పనిచేస్తుందో తెలిసినవాళ్లకే అది క్షేమం. మెగ్నీషియం 2+, ఆక్సైడ్ 2−. అంకెలు అడ్డంగా మారిస్తే ఎంజీ2-ఓ2 వస్తుంది. అయానిక సమ్మేళనంలో కావాల్సింది కనిష్ఠ నిష్పత్తి, కాబట్టి ఎంజీ-ఓ అని కుదించాలి.

అలాగని కనిపించిన ప్రతిదాన్నీ కుదించేయకూడదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ హెచ్2-ఓ2. దాన్ని హెచ్-ఓ చేస్తే అది పెరాక్సైడ్ కాదు. పెరాక్సైడ్‌లో రెండు ఆక్సిజన్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే జతగా ఉంటాయి. ఆ జతను విడదీసే హక్కు మనకు లేదు. సోడియం పెరాక్సైడ్ (ఎన్ఏ2-ఓ2) కూడా అంతే, అక్కడ ఆ జత 2− ఆవేశం మోసే ఒకే అయాన్. గ్లూకోజ్ సీ6హెచ్12ఓ6ను ఆరుతో భాగిస్తే సీహెచ్2ఓ వస్తుంది, అది గ్లూకోజ్ అనుభావిక ఫార్ములా, అంటే కనిష్ఠ నిష్పత్తి మాత్రమే. అణు ఫార్ములా అడిగినప్పుడు అది రాస్తే మార్కులు పోతాయి.

బ్రాకెట్ ఎప్పుడు పెట్టాలి?

ఒకటి కన్నా ఎక్కువ పరమాణువులున్న అయాన్ రెండు లేదా అంతకన్నా ఎక్కువసార్లు వచ్చినప్పుడే. తడి సున్నం సీఏ-(ఓహెచ్)2. బ్రాకెట్ తీసేసి సీఏ-ఓహెచ్2 అంటే ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు అని అర్థం వస్తుంది, లెక్క పోయింది. ఎన్ఏ-ఓహెచ్‌కు బ్రాకెట్ అక్కర్లేదు, ఒక్కటే ఉంది కనుక.

గుర్తులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అంత ముఖ్యమా?

చాలా. 'సీ' పెద్దది, 'ఓ' చిన్నది అయితే కోబాల్ట్, గట్టి లోహం. రెండూ పెద్దవైతే కార్బన్ మోనాక్సైడ్, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ల ప్రాణం తీసే వాయువు. తెలుగులో రెంటినీ 'సీఓ' అనే పలుకుతాం, కాబట్టి చెవికి తేడా తెలియదు, కంటికే తెలియాలి. మొదటి అక్షరం ఎప్పుడూ పెద్దది, రెండోది ఉంటే అది ఎప్పుడూ చిన్నది. గొలుసుకట్టు చేతిరాత అలవాటున్న పిల్లలు ఫార్ములాల వరకైనా అక్షరాలు విడివిడిగా రాయాలని బతిమాలుతుంటాను.

సోడియానికి 'ఎన్ఏ', ఇనుముకు 'ఎఫ్ఈ' ఏమిటి? ఇంగ్లిష్ పేరుతో పొంతన లేదే?

అవి లాటిన్ పేర్ల నుంచి వచ్చాయి. సోడియం నాట్రియం, పొటాషియం కాలియం, ఇనుము ఫెర్రం, రాగి కుప్రం, వెండి అర్జెంటం, బంగారం ఆరం, సీసం ప్లంబం, పాదరసం హైడ్రార్జిరం. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 1813–14 ప్రాంతంలో అక్షరాలతో గుర్తులు రాసే పద్ధతి తెచ్చాడు. అప్పటికి పండితుల భాష లాటినే. ఆయన అంకెను గుర్తుకు పైన రాసేవాడు, కింద రాయడం తరవాత స్థిరపడింది.

పేర్ల పద్ధతి అంతకన్నా ముందుది. 1787లో ఫ్రాన్స్‌లో గైటన్ డి మోర్వో, లవోయిజర్, బెర్తోలే, ఫోర్‌క్రాయ్ కలిసి, పేరు వినగానే అందులో ఏముందో తెలియాలన్న నియమం పెట్టారు. రూపాన్నో రంగునో దొరికిన చోటునో బట్టి పేర్లు పెట్టుకునే కాలం అక్కడితో ముగిసింది.

సల్ఫైడ్, సల్ఫైట్, సల్ఫేట్... ఈ తోకల తేడా ఏమిటి?

నన్ను ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పమంటే దీనికే చెబుతాను. 'ఐడ్' అంటే ఆ మూలకం ఒక్కటే రుణ అయాన్‌గా ఉంది: సల్ఫైడ్ ఎస్, 2−. 'ఐట్', 'ఏట్' అంటే ఆక్సిజన్ తోడుగా ఉంది. ఐట్‌లో తక్కువ, ఏట్‌లో ఎక్కువ. సల్ఫైట్ ఎస్ఓ3, సల్ఫేట్ ఎస్ఓ4. రెండింటి ఆవేశమూ 2− అని గమనించండి. తోక మారితే ఆక్సిజన్ లెక్క మారుతుంది, ఆవేశం మారదు.

'ఏట్ అంటే నాలుగు ఆక్సిజన్లా సార్?' అని అడుగుతారు. కాదు. నైట్రేట్ ఎన్ఓ3, కార్బనేట్ సీఓ3, ఫాస్ఫేట్ పీఓ4. ఒకే మూలకం కుటుంబంలో ఐట్‌కూ ఏట్‌కూ మధ్య పోలిక అది. క్లోరిన్ కుటుంబంలో నలుగురున్నారు కాబట్టి రెండు తోకలు చాలక ముందు కూడా ఒక మాట తగిలించారు: హైపోక్లోరైట్ సీఎల్ఓ, క్లోరైట్ సీఎల్ఓ2, క్లోరేట్ సీఎల్ఓ3, పర్‌క్లోరేట్ సీఎల్ఓ4. హైడ్రాక్సైడ్, సైనైడ్ మాత్రం ఒకటి కన్నా ఎక్కువ మూలకాలున్నా 'ఐడ్' తోకతోనే ఉండిపోయాయి. ఆ రెండూ విడిగా గుర్తుంచుకోండి.

ఒక్క అక్షరానికి ఇంత పట్టింపు ఎందుకో చెబుతాను. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ప్రయోగశాల అలమరాలో రెండు సీసాలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి సోడియం నైట్రేట్, రెండోది సోడియం నైట్రైట్. రెండింటి చీటీలూ చేత్తో రాసినవే, సిరా పాకి ఆ ఒక్క అక్షరమే చెదిరిపోయింది. ఒకదానిలో పొడి తెల్లగా, రెండోదానిలో ఉందీ లేదన్నట్టు పసుపు ఛాయ. నైట్రైట్ కొద్దిగా కడుపులోకి పోయినా ప్రమాదమే. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చేస్తుంది. ఆ రోజు రెండు సీసాలూ పక్కన పెట్టించి, పరీక్షించి చూశాకే కొత్త చీటీలు అంటించాను. అప్పటినుంచి చీటీ మీద పేరు, కింద ఫార్ములా, రెండూ ఉండాలన్నది మా ప్రయోగశాలలో నియమం. ఒకటి చెదిరినా రెండోది చెబుతుంది.

ఫెర్రస్, ఫెర్రిక్ అంటే ఏమిటి? ఐరన్ (2), ఐరన్ (3) అంటే అవేనా?

అవే. ఇనుము 2+ అయితే ఫెర్రస్, 3+ అయితే ఫెర్రిక్. 'అస్' తక్కువకు, 'ఇక్' ఎక్కువకు. చిక్కేమిటంటే, ఆ తోకలు ఎంత అన్నది చెప్పవు. ఇనుములో ఇక్ అంటే 3, రాగిలో 2 (క్యూప్రిక్), తగరంలో 4 (స్టానిక్). అందుకే జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ స్టాక్ 1919లో ఆ అంకెనే రోమన్ సంఖ్యలో బ్రాకెట్లో రాసేయమన్నాడు. ఇప్పుడు పుస్తకాల్లో ఉన్నది ఆ పద్ధతే. పాత పేర్లు మాత్రం మందుల షాపులో ఇంకా బతికే ఉన్నాయి. రక్తం పట్టడానికి ఇచ్చే ఐరన్ మాత్రల అట్ట తిప్పి చూడండి, ఫెర్రస్ సల్ఫేట్ అనో ఫెర్రస్ ఆస్కార్బేట్ అనో ఉంటుంది. ఫెర్రస్ రూపంలోని ఇనుమును పేగు తేలిగ్గా పీల్చుకుంటుంది. మన పెద్దవాళ్లు అన్నభేది అనేది ఫెర్రస్ సల్ఫేటునే.

ఫార్ములా ఇచ్చి పేరు అడిగితే వెనక్కి లెక్క కట్టండి. ఎఫ్ఈ2-(ఎస్ఓ4)3: మూడు సల్ఫేట్లు, మొత్తం 6−. దాన్ని రెండు ఇనుములు తీర్చాలి, తలా 3+. ఐరన్ (3) సల్ఫేట్. ఎఫ్ఈ3-ఓ4 దగ్గర పిల్లలు ఆగిపోతారు: 8ని మూడుతో భాగిస్తే తెగదు. అందులో ఒక ఇనుము 2+, రెండు ఇనుములు 3+, కలిపితే 8. అయస్కాంత శిల మాగ్నెటైట్ అదే.

డై, ట్రై, టెట్రా ఎప్పుడు వాడాలి? కాల్షియం డైక్లోరైడ్ అనకూడదా?

అనక్కర్లేదు. కాల్షియం 2+ తప్ప ఇంకోలా ఉండదు, 'కాల్షియం క్లోరైడ్' అనగానే రెండు క్లోరిన్లని తెలిసిపోతుంది. రెండు అలోహాలు కలిసినప్పుడు ఆ ధీమా ఉండదు. నైట్రోజన్, ఆక్సిజన్‌లనే చూడండి. ఎన్2-ఓ మత్తు ఇచ్చే వాయువు, ఎన్-ఓ ఇంకొకటి, ఎన్-ఓ2 ఎర్రటి గోధుమరంగు విషవాయువు, ఎన్2-ఓ4, ఎన్2-ఓ5 కూడా ఉన్నాయి. అన్నింటినీ 'నైట్రోజన్ ఆక్సైడ్' అంటే ఏది ఏదో ఎలా తెలుస్తుంది? అందుకే డైనైట్రోజన్ పెంటాక్సైడ్ అని విడమరిచి చెబుతాం. మొదటి మూలకం ఒక్కటే ఉంటే 'మోనో' వాడం: కార్బన్ మోనాక్సైడ్ అంటాం, మోనోకార్బన్ అనం.

ఆమ్లాల పేర్లకు సూత్రం ఉందా?

అయాన్ తోక చూడండి. ఐడ్ అయితే హైడ్రో–ఇక్: క్లోరైడ్ నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఏట్ అయితే ఇక్: నైట్రేట్ నుంచి నైట్రిక్, సల్ఫేట్ నుంచి సల్ఫ్యూరిక్. ఐట్ అయితే అస్: నైట్రైట్ నుంచి నైట్రస్. అయాన్ ఆవేశం ఎంతో అన్ని హైడ్రోజన్లు పెడితే ఫార్ములా వచ్చేస్తుంది: ఫాస్ఫేట్ 3−, కాబట్టి ఫాస్ఫారిక్ ఆమ్లం హెచ్3-పీఓ4.

మన పాత తెలుగు పుస్తకాల్లోని నత్రికామ్లం, గంధకికామ్లం కూడా ఇదే 'ఇక్'తో కట్టిన పేర్లు. నాకు ఆ పేర్లంటే ప్రేమ. ఉదజని అంటే నీటిని పుట్టించేది, హైడ్రోజన్ అన్న గ్రీకు మాటకూ అర్థం అదే. ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది, ఆక్సిజన్‌కూ అదే అర్థం. ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉంటుందని లవోయిజర్ నమ్మాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదు. క్లోరిన్ మూలకమేనని 1810లో హంఫ్రీ డేవీ తేల్చాక ఆ నమ్మకం నిలవలేదు. పేరు మాత్రం నిలిచింది, ఆ పొరపాటుతో సహా తెలుగులోకి వచ్చింది.

మైలతుత్తం ఫార్ములాలో చుక్క, ఐదు నీళ్లు ఏమిటి?

సీయూ-ఎస్ఓ4·5హెచ్2ఓ. కాపర్ సల్ఫేట్ పలుకు కట్టేటప్పుడు ఒక్కో యూనిట్ ఐదు నీటి అణువులను తనతో పట్టుకుంటుంది. చుక్క గుణకారం గుర్తు కాదు, 'దీనితో పాటు' అని అర్థం. నీలం పలుకులను పరీక్షనాళికలో వేసి సన్నమంట మీద పట్టుకుంటే ముందు నాళిక మూతి దగ్గర చెమట పట్టినట్టు నీటి బొట్లు చేరతాయి. నీలం అడుగునుంచి పాలిపోతూ వచ్చి చివరికి ముగ్గులాంటి తెల్లటి పొడి మిగులుతుంది. చల్లారాక ఒక్క చుక్క నీళ్లు వేస్తే ఆ చోట మళ్లీ నీలం, నాళిక వేళ్లకు వెచ్చగా తగులుతుంది.

రైతులకూ ఈ లెక్క పనికొస్తుంది. నిమ్మ, బత్తాయి తోటలకు తెగుళ్ల మందుగా వేసే ఒక శాతం బోర్డో మిశ్రమానికి కిలో మైలతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. ఆ కిలో మైలతుత్తంలో దాదాపు 360 గ్రాములు నీళ్లే, రాగి 254 గ్రాములు.

సున్నం ఫార్ములా ఏది? ఒక్కో పుస్తకంలో ఒక్కోటి ఉంది.

మన భాషలో సున్నం ఒకటే, రసాయనంలో మూడు. నాపరాయిలో ఉన్నది ప్రధానంగా కాల్షియం కార్బనేట్, సీఏ-సీఓ3. దాన్ని బట్టీలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది: సీఏ-ఓ. అందులో నీళ్లు పోస్తే కుతకుత ఉడికి తడి సున్నం అవుతుంది: సీఏ-(ఓహెచ్)2. తమలపాకుకు రాసేదీ గోడకు వెల్ల వేసేదీ ఇదే. గోడ మీద ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని మళ్లీ కార్బనేట్ అవుతుంది. రాయిగా బయల్దేరింది గోడ మీద పల్చటి రాయై కూర్చుంటుంది.

సోడా సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. తినేసోడా ఎన్ఏ-హెచ్సీఓ3, బట్టల సోడా ఎన్ఏ2-సీఓ3, కాస్టిక్ సోడా ఎన్ఏ-ఓహెచ్. మొదటిది బజ్జీల పిండిలో వేస్తాం, చివరిది చర్మాన్ని కాల్చేస్తుంది. గోలీసోడాలో ఉన్నది నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్. ఇంట్లో ఏ సోడా అయినా పేరు రాయని డబ్బాలో పోసి పెట్టకండి.

ఎరువుల బస్తా మీది అంకెలకు ఫార్ములాతో సంబంధం ఉందా?

ఉంది. యూరియా సీఓ(ఎన్‌హెచ్2)2. పరమాణు భారాలు కూడండి: కార్బన్ 12, ఆక్సిజన్ 16, రెండు నైట్రోజన్లు 28, నాలుగు హైడ్రోజన్లు 4, మొత్తం 60. అందులో నైట్రోజన్ 28, అంటే 46 శాతం పైచిలుకు. బస్తా మీద 46 అని ఉండేది అందుకే. 45 కిలోల బస్తాలో నత్రజని 20.7 కిలోలు. భాస్వరం, పొటాష్ అంకెలు మాత్రం పీ2-ఓ5, కే2-ఓ లెక్కన వేస్తారు. అది పాత ఆనవాయితీ, బస్తాలో ఆ పదార్థాలు ఉండవు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో ఉన్నది పొటాషియం క్లోరైడ్, కే-సీఎల్.

సోడియం ఎసిటేట్‌లో సోడియం చివర ఎందుకు వస్తుంది?

కర్బన సమ్మేళనాల్లో ఏ పరమాణువు దేనికి అతుక్కుందో కనిపించేలా రాస్తారు. సీహెచ్3సీఓఓ-ఎన్ఏలో సోడియం ఆక్సిజన్ వైపు ఉంది, కాబట్టి అక్కడే రాశారు. పేరులో మాత్రం ధన అయానే ముందు. మీథేన్, ఈథేన్, ప్రొపేన్ వరస వేరే పాఠం, ఇక్కడ కలిపితే గందరగోళం.

నేను రాసింది సరైనదో కాదో నాకు నేనే ఎలా చూసుకోవాలి?

అమ్మోనియం ఫాస్ఫేట్ రాశారనుకోండి. అమ్మోనియం 1+, ఫాస్ఫేట్ 3−. మూడు అమ్మోనియంలు కావాలి, అయాన్‌లో పరమాణువులు ఒకటి కన్నా ఎక్కువ కనుక బ్రాకెట్: (ఎన్‌హెచ్4)3-పీఓ4. ఇప్పుడు ఆవేశాలు కూడండి: మూడు ఒకట్లు 3+, ఫాస్ఫేట్ 3−, మిగిలింది సున్నా. తరవాత పరమాణువులు లెక్కపెట్టండి: నైట్రోజన్ 3, హైడ్రోజన్ 12, ఫాస్ఫరస్ 1, ఆక్సిజన్ 4, మొత్తం 20. చివరగా, పేరు చూడకుండా ఫార్ములా ఒక్కటే చూసి పేరు చెప్పండి. మొదలుపెట్టిన పేరే తిరిగి వస్తే మీరు రాసింది సరైనదే. రాకపోతే ముందు ఫాస్ఫేటా ఫాస్ఫైటా అని తోక దగ్గర వెతకండి, మా తరగతిలో తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.